భానుమూర్తి మాస్టారి రెండో సగం

భానుమూర్తి మాస్టారికి కోపం ముందు వస్తుంది, న్యాయం వెనకాల వస్తుంది. రెండూ వస్తాయి, ఎవరడిగినా సాక్ష్యం చెబుతాను. కాకపోతే రెంటికీ మధ్య కాస్త వ్యవధి కావాలి. ఇన్నేళ్ళూ ఆ వ్యవధిని ఆయనకు బెజవాడ బస్సు ఇస్తూ వచ్చింది. ఎనభై తొమ్మిది వేసవిలో ఆ బస్సు ఉత్తచేతులతో రావడం మొదలుపెట్టింది. ఆ గొడవే ఇది. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నూజివీడు హైస్కూల్లో ఆయన తెలుగు పండితులు, నేను సైన్సు మాస్టర్ని. స్టాఫ్ రూములో ఇద్దరివీ పక్కపక్క కుర్చీలు. నాకు సాహిత్యం గీహిత్యం పట్టవు. కప్పను కోసి గుండె చూపించమంటే చూపిస్తాను గానీ, కథను కోసి వీళ్ళేం చూపిస్తారో నాకు బోధపడదు. అయినా ఆయన రాసిన ప్రతి సమీక్షా నాకు కంఠతా వచ్చు. వినకపోతే ఆయన నన్ను టీ తాగనిచ్చేవారు కాదు.

ఆయన తండ్రిగారు జి. కొండూరు వైపు ఒక గుళ్ళో అర్చకులు. ఈయన కూడా ఆ గంట పట్టుకోవలసినవారే. కానీ చిన్నతనంలో ఒకసారి గుడికి హరికథ చెప్పడానికి వచ్చిన దాసుగారిని మధ్యలో ఆపి, ‘ఆ పద్యం ఇక్కడ అతకలేదండీ’ అన్నారట. జనం నవ్వారు, దాసుగారు చిరతలు కింద పెట్టేశారు. వీణ్ణి గుళ్ళో ఉంచితే దేవుడికి కూడా తప్పులు పడతాడని తండ్రిగారు భయపడి తెలుగు పండిత శిక్షణకి పంపించేశారు. అలా వచ్చారు మా స్కూలుకి.

బెజవాడ నుంచి వచ్చే ఒక వారపత్రికకి ఆయన పుస్తక సమీక్షలు రాసేవారు. పత్రిక పేరు ఎందుకులెండి. ఆయన రాసే పద్ధతి మటుకు చెప్పాలి. పుస్తకం వస్తుంది. చదువుతారు. చదవడం అవగానే మొహం ఎర్రబడుతుంది. ఆ వేడిమీదే కూర్చుని రాసేస్తారు. అందులో రచయితకి నిలవనీడ ఉండదు. చివర ‘మిగతాది ప్రూఫులో’ అని రాసి పోస్టులో పడేస్తారు. అక్కడ పెద్దిరాజు అనే కంపోజింగ్ ఫోర్‌మన్ సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ ఏర్చి కూర్చి, పొడుగాటి కాగితం మీద ప్రూఫు తీసి, నూజివీడు బస్సు కండక్టరు చేతికిచ్చి పంపిస్తాడు. మాస్టారు బస్టాండులో క్యాంటీను బల్లమీద కూర్చుని ఆ ప్రూఫు చదువుకుంటారు. తన తిట్లు అచ్చక్షరాల్లో కనిపించేసరికి ఆయన చెవులు ఎర్రబడతాయి. ఈసారి సిగ్గుతో. అప్పుడు కలం తీసి సగం కొట్టేస్తారు. ఆ పుస్తకంలో మంచి ఏమిటో, అది ఎందుకు మంచో, రచయిత ఎక్కడ తడబడ్డాడో, ఎలా సరిచేసుకోవచ్చో అంచుల్లో రాసి, చాలకపోతే కాగితం ముక్కలు అతికించి, తిరుగు బస్సులో పంపిస్తారు. అచ్చయ్యేది అదీ.

ఆయన సమీక్ష అంటే జిల్లాలో కొత్తగా రాసేవాళ్ళు చెవి కోసుకునేది ఆ రెండో సగం కోసమే. పెద్దిరాజు ఒకసారి పెళ్ళికని మా ఊరొచ్చి స్కూలుకి వచ్చాడు. “మాస్టారి మొదటి రాత కంపోజ్ చేసేటప్పుడు మా వాళ్ళకి చెబుతానండీ, మరీ బిగించొద్దురా, మళ్ళీ సగం విప్పాలి అని,” అన్నాడు. మాస్టారు నవ్వారు గానీ నాకు మాత్రం ఇది బొత్తిగా నచ్చేది కాదు.

“ఆ కోపమేదో తగ్గాకే రాయొచ్చు కదండీ? పాపం వాళ్ళకి రెట్టింపు చాకిరీ,” అన్నాను.

“చేతిరాతలో నా కోపం నాకు ముద్దుగానే ఉంటుందండీ. అచ్చులో చూస్తేనే, ఎవడీ పొగరుబోతు అనిపిస్తుంది. అప్పుడే నాకు బుద్ధి వస్తుంది,” అన్నారాయన.

ఇంకేం అంటాం!

ఆ వేసవికి ముందు నాగమణి పుస్తకం పట్టుకుని స్కూలుకి వచ్చింది. ముసునూరు పిల్ల. మా స్కూల్లోనే పదో తరగతి చదివింది. తల్లి వెంకాయమ్మ మామిడి తోటల్లో కూలికి వెళ్ళేది. నాగమణి ఆ కుటుంబంలో మొదటిసారి చదువుకున్న మనిషి. ఊళ్ళో బాలవాడి టీచరుగా పిల్లలకి పాటలు నేర్పుతూ, తీరిక దొరికినప్పుడల్లా కథలు రాసి, చిన్న పుస్తకం వేయించుకుంది. పేరు ‘చిక్కం’. కాయలు కోసే గెడకి కట్టే వల పేరే పుస్తకానికి పెట్టింది. అట్ట మీద బొమ్మ వంకరగా ఉంది. లోపల అచ్చుతప్పులు దండిగా ఉన్నాయి.

“ఎలా ఉన్నా చెప్పండి మాస్టారూ. తిట్టినా సరేనండీ,” అంది.

“తిట్టడానికి నా అనుమతి నీకక్కర్లేదు గానీ, కూర్చోమ్మా,” అన్నారు మాస్టారు తబ్బిబ్బులో మాట తారుమారు చేసి. ఆమె నవ్వి కూర్చుంది.

ఆయన చదివారు. అనుకున్నట్టే నిప్పులు చెరిగారు. మర్నాడు స్టాఫ్ రూములో నాకు చదివి వినిపించారు: ‘ఇవి కథలు కావు, మాటల పోగు. రచయిత్రి తోటలో చెవి పెట్టింది గానీ కాగితం మీద చెయ్యి పెట్టలేదు. ఎక్కడ మొదలైందో తెలియదు, ఎక్కడ ముగిసిందో అంతకన్నా తెలియదు.’ ఇలా రెండు పేజీలు. చివర మామూలుగానే ‘మిగతాది ప్రూఫులో’. పోస్టులో వేసి ఇద్దరం ఇంటిదారి పట్టాం. నడుస్తూ నడుస్తూ ఆయన ఆగిపోయారు.

“అందులో ఒక కథ ఉందండీ,” అన్నారు. “కాయ కోసేటప్పుడు తొడిమ నుంచి సొన కారి చేతులమీద పడుతుంది కదా, కాలి మచ్చలు పడతాయి. పెళ్ళిచూపులకి కూర్చున్న పిల్ల ఆ చేతుల్ని కొంగు కింద దాచుకుంటుంది. వచ్చిన ఆడవాళ్ళు కూడా కొంగు కిందే దాచుకుని కూర్చుంటారు. అంతే కథ. పుట్టినప్పటి నుంచీ ఈ రసాలు తింటున్నానండీ నేను. ఆ చేతులు ఎప్పుడూ చూడలేదు.”

“మరి అది రాశారా?”

“ప్రూఫులో రాస్తాను,” అన్నారు. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. రాయబోయే వాక్యాలు అప్పుడే నోట్లో ఆడుతున్నట్టుంది.

ప్రూఫు రాలేదు. ఆయన రోజూ స్కూలు వదలగానే బస్టాండుకి వెళ్ళి కూర్చునేవారు. కండక్టరు కిటికీలోంచే చెయ్యి అడ్డంగా ఊపేవాడు. ఆ మధ్య పత్రికవాళ్ళు ‘ఇకపై మన పత్రిక కంప్యూటర్ కంపోజింగ్‌తో, ఆఫ్‌సెట్ ముద్రణతో మీ ముందుకు’ అని ప్రకటించారు. మాస్టారూ చదివారు, నేనూ చదివాను. అక్షరాలు బాగుంటాయి కాబోలు అనుకున్నాం. ప్రూఫులు ఇక రావని అందులో ఎక్కడా లేదు. వాళ్ళకి అది చెప్పవలసిన విషయంలా తోచలేదు.

ప్రూఫుకి బదులు పత్రికే వచ్చింది. బస్టాండు ఎదుట కొట్లో వేలాడుతోంది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, కాదనను. మాస్టారి సమీక్షకి చుట్టూ గడి కట్టి, పైన లావుపాటి అక్షరాల్లో ‘కథలు కావు, మాటల పోగు!’ అని పెట్టారు. ఆ ఆశ్చర్యార్థకం కూడా వాళ్ళే పెట్టారు. లోపల ఆయన మొదటి రాత ఉన్నదున్నట్టు దిగిపోయింది. పోయిందల్లా చివరి మాట ఒక్కటే. ‘మిగతాది ప్రూఫులో’ అన్నది ఏమిటో అర్థం కాక తీసేశారు. మాస్టారు కొట్టు ముందు నిలబడే చదివారు. చదివి, పత్రిక తీసిన చోటే తగిలించబోతే కొట్టువాడు, “కొన్నారు కదండీ మాస్టారూ, పట్టుకెళ్ళండి,” అన్నాడు.

మర్నాడు స్టాఫ్ రూములో మెచ్చుకోళ్ళు మొదలయ్యాయి. “అదరగొట్టారండీ!” “ఇన్నాళ్ళూ మొహమాటపడ్డారు, ఇదీ మీ అసలు గొంతు!” ఆయన సమీక్ష మొదటి పేరా దాటి ఎన్నడూ చదవనివాళ్ళు కూడా ఈసారి పూర్తిగా చదివారు. పత్రికకి ఉత్తరాలు వెల్లువగా వచ్చాయట. ఇకపై ప్రతి వారం ఇదే ధోరణిలో ఫొటోతో సహా ఒక శీర్షిక రాయమని ఎడిటర్ కార్డు రాశాడు. మాస్టారు ఆ కార్డు చింపి, నా కేసి చూసి, “బెజవాడ పోదాం రండి,” అన్నారు.

పత్రికాఫీసులో ముందు చెప్పులు విప్పమన్నారు. కంప్యూటర్ గదిలోకి దుమ్ము వెళ్ళకూడదట. బయట ఎండకి తారు కరుగుతోంది, లోపల ఏసీ చలికి మాస్టారు ఉత్తరీయం భుజాలచుట్టూ కప్పుకున్నారు. ఎడిటర్ లక్ష్మీనరసింహారావు మంచివాడే. ఎదురొచ్చి కుర్చీ వేశాడు, కూల్ డ్రింకులు తెప్పించాడు, కొత్త పెళ్ళికొడుకులా మెరిసిపోతున్నాడు.

“ప్రూఫెందుకు మాస్టారూ ఇప్పుడు? సీసమైతే తప్పులు దొర్లేవి. ఇందులో మీరు రాసింది రాసినట్టు దిగిపోతుంది.”

“రాసింది రాసినట్టు దిగిపోవడమేనండీ నా ఏడుపు!”

“ఉత్తరాలు చూశారా? ఇన్నాళ్ళకి భానుమూర్తి గారి గొంతు విన్నాం అంటున్నారు.”

“అది గొంతు కాదండీ మహానుభావా! నేను గొంతు సవరించుకుంటుంటే పాట అనుకున్నారు మీరు.” మాస్టారు సంచీలోంచి నాలుగు కాగితాలు తీసి బల్లమీద పెట్టారు. “ఇదీ రెండో సగం. దయచేసి వెయ్యండి. ఆ అమ్మాయి మొదటి పుస్తకం అది. సగం మాట చెప్పి చంపేశాను.”

ఎడిటర్ కాగితాలు తిరగేశాడు. చదివాడనే అనుకుంటాను, ఎందుకంటే ఒకచోట ఆగి, “బాగుందండీ ఇది,” అన్నాడు. అని, నిట్టూర్చాడు. “కానీ ఒకే పుస్తకానికి రెండు సమీక్షలా? జనం నవ్వుతారు. పైగా పేజీలన్నీ ముందే గడులు కట్టేసి ఉంటాయి. ఉత్తరాల పేజీ అడుగున కాస్త జాగా ఉంది. అందులో పట్టినంత వేయిస్తాను.”

మెట్లు దిగుతుంటే పెద్దిరాజు కనిపించాడు. కింద వరండాలో చందాదారుల పత్రికలకి చిరునామాలు అతికిస్తున్నాడు. సీసపు అక్షరాలన్నీ కాటాకి వేసి అమ్మేశారట. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు.

“నేను చెప్పానండీ మాస్టారూ, అది సగమే, ఆగండి అని. ఎవరు వింటారండీ ఇప్పుడు నా మాట?” అన్నాడు. మాస్టారు అతని భుజం మీద చెయ్యి వేశారు. బస్సులో నేనే ఆ ఎడిటర్నీ, ఆ ఏసీనీ, ఆ చెప్పులు విప్పించిన వాణ్ణీ నూజివీడు దాకా తిడుతూ వచ్చాను.

ఎడిటర్ మాట నిలబెట్టుకున్నాడు. నాలుగు కాగితాల్లో పట్టినంత వేయించాడు. పట్టింది ఇంత: ‘చిక్కం కథల సంపుటి మంచి పుస్తకమేనని సమీక్షకులు భానుమూర్తి గారు ఇప్పుడు తెలియజేస్తున్నారు. పాఠకులు గమనించగలరు.’ బట్టల కొట్టు వేరే వీధికి మారినప్పుడు ఇలాగే ప్రకటిస్తారు.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. మామిడి కాలంలో మా దగ్గర పనులన్నీ బుట్టలతో నడుస్తాయి. డాక్టరు ఇంటికి బుట్ట, ఆఫీసరు ఇంటికి బుట్ట, పిల్లాడు పరీక్ష గట్టెక్కితే మాస్టారి ఇంటికి బుట్ట. లంచం అని ఎవరూ అనరు. మర్యాద అంటారు. అందుకని వేసవిలో పెద్దమనిషి ఎవరైనా కాదన్నదాన్ని అవునన్నాడంటే, జనం ఇంకో కారణం వెతకరు. ఎవరి తోటవి అని మాత్రం అడుగుతారు.

“పెద్ద రసాలా, చిన్న రసాలా మాస్టారూ?” అన్నాడు పాలకేంద్రం దగ్గర ఒకడు. హెడ్మాస్టరంతటివాడు, “మాకూ రెండు పళ్ళు రుచి చూపించొచ్చు కదండీ,” అని కన్ను గీటాడు. వేళాకోళమే. మాస్టారు మొదట కోప్పడ్డారు, తరవాత వివరించబోయారు, తరవాత మానేశారు. నేను మాత్రం ఇద్దరు ముగ్గురితో కలబడ్డాను. ఏం లాభం? వివరిస్తున్నకొద్దీ వాళ్ళ నవ్వు పెరిగింది.

వేళాకోళం ముసునూరు చేరేసరికి వేళాకోళంగా మిగల్లేదు. నాగమణి వాళ్ళకి సెంటు భూమి లేదు, పెరట్లో ఒక్క చెట్టు లేదు. మరి మాస్టారికి బుట్ట ఎక్కణ్ణుంచి పంపించారు? వెంకాయమ్మ పనిచేసే తోట ఆ ఏడు గుత్తకి తీసుకున్నది వీరరాఘవయ్య. ఆయన ఆలోచించాడు. ఆలోచించి, కాయలు ఏరే పాకలోకి రేపటి నుంచి రానక్కర్లేదని వెంకాయమ్మకి కబురుపెట్టాడు. దొంగతనం అని నోటితో అనలేదు. అనక్కర్లేదు కూడా. మిగతా తోటలవాళ్ళు కూడా ఆమెని పిలవడం మానేశారు. ఆ తల్లీకూతుళ్ళకి ఏడాదిలో నాలుగు డబ్బులు కనిపించేది ఈ కోతల్లోనే.

ఈ సంగతి విన్న పూటే మాస్టారు సైకిలు తీశారు. నేనూ బయల్దేరాను. ముందు తోటకే వెళ్ళాం. పాకలో వరిగడ్డి మీద కాయలు గుట్టలుగా ఉన్నాయి. వీరరాఘవయ్య మర్యాదగా మంచం వాల్చి, ఒక బంగినపల్లి పండు కోయించబోయాడు.

“నాకు పండు వద్దండీ!” మాస్టారు దాదాపు అరిచారు. “ఆవిడ నాకు ఒక్క కాయ పంపించలేదు. మా ఇంట్లో దేవుడి మీద ఒట్టు.”

“మీరు పుచ్చుకున్నారని నేనన్నానాండీ? పెద్దలు మీరు,” అన్నాడు వీరరాఘవయ్య చల్లగా. “నాకు చదువు లేదు గానీ మావాడు పేపరు చదివి చెప్పాడు. మొదట బాగాలేదని వేయించారు. నెల తిరక్కుండా బాగుందని వేయించారు. మధ్యలో పుస్తకమేమన్నా మారిందాండీ?”

“పుస్తకం మారలేదు, నేనూ మారలేదు. మొదట్నుంచీ నాకు రెండు అభిప్రాయాలూ ఉన్నాయి.”

“ఉంటే రెండూ ఒకేసారి వేయించొచ్చుగదండీ?”

సీసపు అక్షరాలు, ప్రూఫు, కండక్టరు, కంప్యూటరు, ఇవన్నీ ఆ పాకలో ఆ గుత్తదారుకి నేను చెప్పబోయాను. ఆయన విన్నాడు. విని, లారీ వచ్చిందని లేచి వెళ్ళిపోయాడు.

నాగమణి ఇంటికి వెళ్ళేసరికి వెంకాయమ్మ గుమ్మంలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. కోతల కాలంలో ఆ వేళప్పుడు ఆమె ఇంట్లో ఉండటం చూస్తేనే నాకు తల వంగిపోయింది. నాగమణి ముక్కాలి పీట తెచ్చి వేసింది, మంచినీళ్ళిచ్చింది. మాస్టారు క్షమాపణ చెప్పబోతే ఆపేసింది.

“తిట్టారని నాకు బాధ లేదండీ. పదో తరగతిలో కూడా తిట్టేవారుగా. కానీ తిట్టాక దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పేవారు. ఈసారి చెప్పలేదేంటి అనుకున్నానండీ, అంతే.”

“చెప్పానమ్మా. ఇదిగో,” అని మాస్టారు ఎడిటర్ తిప్పి పంపించిన ఆ నాలుగు కాగితాలు సంచీలోంచి తీసి ఇచ్చారు. “ఇది వాళ్ళు వెయ్యలేదు. నువ్వు ఒక్కదానివైనా చదవాలని తెచ్చాను.”

ఆమె నిలబడే చదవడం మొదలుపెట్టింది. కొంచెం చదివి, తల్లి వైపు చూసి, ఈసారి మొదటి నుంచీ పైకి చదివింది. నాకు సాహిత్యం తెలియదని చెప్పాను కదా. ఆ మాటలు ఆ గొంతులో వింటుంటే నాకు కూడా ఏదో అయింది. ఏ కథ ఎక్కడ నిలబడిందో, ఎక్కడ తూలిందో, తోటమాటని కాగితం మీద పెట్టేటప్పుడు ఎంత మిగుల్చుకోవాలో అన్నీ ఉన్నాయి అందులో. కొంగు కింద దాచుకున్న చేతుల దగ్గరికి వచ్చేసరికి ఆమె చదవడం నెమ్మదించింది. అక్కడ మాస్టారు రాశారు: ‘మనం తిన్న ప్రతి పండూ ఈ చేతులమీదుగా వచ్చింది. చూడటం ఈ రచయిత్రి నేర్పింది.’ నాగమణి కళ్ళు తుడుచుకుని చివరిదాకా చదివింది.

వెంకాయమ్మ పిక్కలు తీయడం ఆపి అంతా వింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

“బాగుంది,” అంది. “మనం కాయలు పంపలేదని ఉందా ఇందులో?”

“లేదమ్మా,” అంది నాగమణి.

“మరి ఇదెందుకే?”

నాగమణి ఆ కాగితాలు మడిచి మాస్టారి చేతికి ఇచ్చేసింది.